నేను మార్చి చెప్పిన మాట

తూర్పు లండన్‌లోని ఒక పోలీస్ స్టేషన్‌లో ఒక పెద్దావిడ తెలుగులో చెప్పిన మాటను నేను ఇంగ్లీషులోకి కావాలనే మార్చి చెప్పాను. అది పొరపాటు కాదు, భాష రాకా కాదు. భయపడి మార్చాను. ఆ కేసు నడిచి ముగిసింది. అందులోని సంగతులన్నీ కోర్టులో నలుగురి ముందూ బయటికొచ్చాయి. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను.

నేను ఈస్ట్ హామ్‌లో ఉంటాను. ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేస్తాను. ఏజెన్సీవాళ్ళు ఫోన్ చేసి ఫలానా ఆస్పత్రికో, ఫలానా కౌన్సిల్ ఆఫీసుకో, స్టేషన్‌కో రమ్మంటారు. ఇంగ్లీషు రాని తెలుగువాళ్ళ పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. ఈ పనిలో ఎక్కువ చెప్పకూడదు, తక్కువ చెప్పకూడదు, అందంగా సర్దకూడదు. మనిషి తిడితే తిట్టే చెప్పాలి, గొణిగితే గొణిగిందే చెప్పాలి. ట్రైనింగ్‌లో మొదటిరోజు నేర్పింది ఇదే. ఆరేళ్ళపాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పెద్దావిడకు అప్పటికే డెబ్బై దాటాయి. కరీంనగర్ వైపు మనిషి. మాదీ ఆ చుట్టుపక్కలే. కొడుకు, కోడలు ఆఫీసులకు వెళ్తే పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఒకరోజు ఫ్లూ టీకా కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి వంటింటి వెనక తలుపు అద్దం పగిలి ఉంది. కోడలి బీరువా ఖాళీ. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు.

ఆ పెద్దావిడను నేను ఆంటీ అనేదాన్ని. ఆంటీ సొంత నగలు మాత్రం వాళ్ళకు దొరకలేదు. తల్లి పెట్టిన రెండు గాజులు, ఒక గుండ్ల పేరు, అంటే బంగారు పూసల దండ, ఎర్రగుడ్డలో మూటకట్టి బియ్యం డబ్బాలో అడుగున పెట్టుకుంది. కొడుకు రెడింగ్ ఊళ్ళోని ఆఫీసు నుంచి రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఈలోగా ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకాయన నడివయసువాడు, ఎర్రజుట్టు. రెండో ఆమె చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్త. ఆ అమ్మాయి వెనక తలుపు దగ్గర అద్దం పెంకులు ఫోటోలు తీస్తుంటే, ఆయన ముందుగదిలో ఆంటీని సైగలతో అడిగాడు, ఇంకేమైనా బంగారం ఉందా అని. ఆంటీకి అప్పటికి కాస్త ధైర్యం వచ్చింది. దొంగలకు చిక్కనిది ఒకటుందని చెప్పాలన్న సంబరంతో బియ్యంలోంచి మూట తీసి విప్పి చూపించింది. ఆయన చూశాడు, నవ్వాడు, మూట అందుకున్నాడు. వేలిముద్రల కోసమేమో అనుకుందామె. టీవీలో అలాగే చూసింది. కొడుకు ఇంటికి చేరేసరికి పోలీసులు వెళ్ళిపోయారు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే, మూట సంగతి ఏ కాగితంలోనూ లేదన్నారు.

పదిరోజుల తర్వాత ఆమెను స్టేట్‌మెంట్ ఇవ్వడానికి పిలిచారు. ఇంటర్‌ప్రిటర్‌గా నేను వెళ్ళాను.

కిటికీ లేని చిన్నగది. స్టేట్‌మెంట్ రాసే ఆఫీసర్ పొడుగాటి మనిషి, బట్టతల, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. దొంగలు పడిన సంగతంతా నిదానంగా అడిగి రాసుకున్నాడు. మూట చూపించాక ఏం జరిగిందని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

“గా ఎర్రజుట్టు పోలీసాయన నా చేతులకెళ్ళి మూట తీసుకున్నడు,” అంది ఆంటీ. “తీసుకొని కోటు కీసల ఏసుకున్నడు. మల్ల ఇయ్యలే.”

మా వైపు కీస అంటే జేబు. ఇందులో తెలియనిదేమీ లేదు. ఆ ఆఫీసర్ పెన్ను పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆయన చొక్కా మీద ఉన్న గుర్తే ఆ ఎర్రజుట్టు మనిషి చొక్కా మీదా ఉంటుంది. తర్వాత నా గొంతు ఇంగ్లీషులో అన్నది నాకు వినిపించింది: ఆఫీసర్లు వెళ్ళిపోయాక చూస్తే మూట కనబడలేదు.

ఆయన రాసుకున్నాడు. చివర్లో రాసిందంతా చదివి వినిపించాడు. ఆ చోటుకు వచ్చేసరికి నేను ఆయన చదివింది కాకుండా, ఆంటీ మొదట చెప్పిందే ఆమెకు తిరిగి తెలుగులో చెప్పాను. అంటే రెండు వైపులా అబద్ధమాడాను. ఆంటీ తృప్తిగా తలూపి, కాగితం కింద తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టింది.

బస్‌స్టాప్ దాకా ఇద్దరం కలిసే నడిచాం. నిజానికి ఇంటర్‌ప్రిటర్లు అలా కలిసి నడవకూడదు. ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“నేను జెప్పిందంత జెప్పినవా బిడ్డా?”

“చెప్పిన ఆంటీ,” అన్నాను.

ఎందుకలా చేశానని తర్వాత చాలామంది అడిగారు. కోర్టులో కూడా అడిగారు. అక్కడ చెప్పిందే ఇక్కడా చెబుతాను. మా నాయన దర్జీ. మా పట్నంలో బస్టాండు ఎదురుగా చిన్న షాపు ఉండేది. ఠాణా వాళ్ళ ప్యాంట్లు, చొక్కాలు ఆయనే కుట్టేవాడు. కూలి అడిగినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఒక పొద్దున షాపు తాళం పగలగొట్టి ఎవరో కుట్టుమిషను ఎత్తుకెళ్ళారు. ఠాణాకు వెళ్దామని అమ్మ అంటే నాయన వద్దన్నాడు. అక్కడికి వెళ్తే మిగిలిన కత్తెర కూడా పోతుందన్నాడు. ఎవరి దగ్గరో పాత మిషను తెచ్చుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. కుట్టిన మొదటి జత ఠాణా వాళ్ళదే. నాకప్పుడు పదకొండేళ్ళు. పోలీసుల గురించి ఆ వయసులో ఏం నేర్చుకున్నానో, విమానమెక్కి వచ్చినా అదే నాతో వచ్చింది. పోలీసు తప్పును పోలీసుకే చెప్పడమంటే మన మెడకు మనమే తాడు కట్టుకోవడం. దానికి తోడు అప్పుడు మా ఇండెఫినిట్ లీవ్ అప్లికేషన్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండనివ్వమని పెట్టుకున్నది, పోలీసులను కూడా చూసే హోమ్ ఆఫీసులో ఉంది. ఆ గదిలో నేను ఇంత లెక్కగా ఆలోచించానని చెప్పలేను. భయం నా కంటే ముందు నోరు తెరిచింది, అంతే.

ఇదంతా బహుశా అలాగే కప్పబడిపోయేది. కానీ మూడు వారాల తర్వాత ఇల్ఫర్డ్‌లో ఒక భజన దగ్గర ఆంటీ కనబడింది. నన్ను చూసి మొహం విప్పారింది. పక్కనున్న ఆడవాళ్ళను పిలిచి నన్ను చూపించి చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడి పోలీసులు మన దగ్గరి పోలీసులలాంటివాళ్ళు కాదట. తమ మనిషి మీద తామే రాసుకున్నారట. ఒక్క మాట అడ్డం రాకుండా, అంతా విని, రాసి, చదివి వినిపించారట. ఈ బిడ్డ ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. రోజూ పోస్టు రాగానే ఉత్తరం వచ్చిందేమోనని తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తోందట.

ప్రసాదం ప్లేటు అక్కడే పెట్టి నేను బయటికి వచ్చేశాను. ఆమె నమ్మకమంతా ఒక కాగితం మీద ఉంది. ఆ కాగితంలో ఆమె మాట లేదు. లేకుండా చేసింది నేను.

ఆ వారం ఇంట్లో మా ఆయనకు చెప్పాను. ఆయన గిడ్డంగిలో పనిచేస్తాడు. లారీల్లో సరుకు ఎక్కించే షిఫ్టులు, వారం వారం మారుతుంటాయి. టీ తాగుతూ అంతా విన్నాడు.

“గిప్పుడు మనకెందుకీ లొల్లి?” అన్నాడు చివరికి. “అప్లికేషన్ వాళ్ళ చేతులల్ల ఉన్నది. ఆ ముసలామె కొడుక్కు చదువున్నది, ఆయన జూసుకుంటడు.”

కొడుకు ఏం చూసుకున్నా, తల్లి సంతకం పెట్టిన స్టేట్‌మెంట్ అడ్డం వస్తుందని చెప్పాను. మా ఆయన రెండురోజులు ముభావంగా ఉన్నాడు. నేను స్టేషన్‌కు వెళ్తానన్న రోజు మాత్రం షిఫ్టు మార్చుకుని నాతో బస్సెక్కాడు. లోపలికి రానన్నాడు. బయట గోడ పక్కన నిలబడతానన్నాడు.

ఆ కళ్ళజోడు ఆఫీసర్ కిందికి వచ్చి నన్ను అదే గదిలోకి తీసుకెళ్ళాడు. నేను కూర్చోకముందే చెప్పేశాను. ఆమె ఏమన్నదో, నేనేమన్నానో రెండూ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇలా చెబితే నాకే ఇబ్బంది రావచ్చని, ముందు లాయరుతో మాట్లాడతావా అని అడిగాడు. వద్దన్నాను. ఆయన తలుపు వైపు చూశాడు. ఆ ఎర్రజుట్టు మనిషీ తనూ తొమ్మిదేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేశామని మెల్లగా అన్నాడు. ఆ మనిషి పిల్లల పుట్టినరోజులకు తను వెళ్ళాడట. ఇది రాయడం తనకు బొత్తిగా ఇష్టం లేదన్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. లేచి బయట నిలబడ్డ మా ఆయన దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. కొత్త కాగితం తీసుకుని, మొదట్నుంచి చెప్పమన్నాడు.

ఏజెన్సీవాళ్ళు వారంలోపే నా పేరు జాబితాలోంచి తీసేశారు. వాళ్ళను తప్పుపట్టలేను. పోలీసుల మీద వచ్చే ఆరోపణలను చూడటానికి వేరే విభాగముంది. అక్కడి నుంచి ఇద్దరు వచ్చి నన్ను మూడుసార్లు ప్రశ్నించారు. కేసు పెట్టే అవకాశం ఉందని మొదటిసారే చెప్పారు. చివరికి నన్ను సాక్షిగానే ఉంచారు. ఆ నెలలన్నీ నేను ఒక స్కూల్లో మధ్యాహ్నం భోజనాలు వడ్డించే పని చేశాను. పిల్లల ప్లేట్లలో బంగాళదుంపలు వేస్తూ, ఈ భాషలో నాకు ఇక మిగిలిన మాట ‘ఇంకొంచెం కావాలా’ ఒక్కటే అనుకునేదాన్ని.

ఆంటీ దగ్గర మళ్ళీ స్టేట్‌మెంట్ తీసుకున్నారు. ఈసారి ఇంటర్‌ప్రిటర్ గుంటూరాయన. అక్కడ ఏం జరిగిందో కేసు ముగిశాక ఆంటీయే చెప్పింది. కీస అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడట. ఈ మాట తనకు తెలియదని పోలీసులకు చెప్పి, ఆంటీని అడగడానికి అనుమతి తీసుకుని, “అమ్మా, కీస అంటే ఏంటండీ?” అన్నాడట. కీస కూడా తెలియని మనిషిని ఎట్లా పంపారని ఆంటీకి చిరాకేసింది. లేచి వెళ్ళి ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి, ఇదీ కీస అని చూపించిందట. గదిలో అందరూ నవ్వారట. కానీ కేసంతా ఆ మాట మీదే నిలబడింది. సాక్ష్యం కోసం తీసుకున్న వస్తువు సీలువేసిన సంచిలోకి వెళ్ళాలి. జేబులోకి వెళ్తే అది దొంగతనమే. తెలియనిది తెలియదని చెప్పిన ఆ గుంటూరాయన్ను నేనెప్పుడూ కలవలేదు. కలిస్తే దండం పెట్టాలని ఉంది.

ఆ గుంటూరాయన ద్వారా స్టేట్‌మెంట్ ఇచ్చినప్పుడే ఆంటీకి తెలిసింది, మొదటి కాగితంలో నేనేం రాయించానో. తర్వాత ఒకరోజు ఈస్ట్ హామ్‌లో కూరగాయల షాపులో కాకరకాయల దగ్గర ఎదురుపడ్డాం. కేసు గురించి సాక్షులం మాట్లాడుకోకూడదని ఇద్దరికీ చెప్పి ఉన్నారు. నేను తలదించుకున్నాను. ఆమె మెల్లగా దగ్గరికి వచ్చింది.

“ఆయన నా బంగారం తీసుకున్నడు,” అంది. “నువ్వు నా మాట తీసుకున్నవు బిడ్డా.”

అంతే. కాకరకాయలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. కోపంతో అరిచి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె నాతో మాట్లాడలేదు. మా ఇండెఫినిట్ లీవ్ ఆ మధ్యలోనే వచ్చింది. నేను భయపడినట్టు దాన్ని ఎవరూ ఆపలేదు. మా ఆయన స్వీట్లు తెచ్చాడు, నేను ఆ డబ్బా తెరవలేదు.

విచారణలో అసలు విషయం బయటపడింది. ఆ ప్రత్యేక విభాగం వాళ్ళు ఎర్రజుట్టు మనిషి వెళ్ళిన పాత దొంగతనాల కాగితాలన్నీ తిరగేసి, ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అడిగారు. ఇంకో రెండు ఇళ్ళల్లో ఇదే జరిగింది. ఒక చోట పంజాబీ తాతగారు, ఇంకోచోట తమిళ దంపతులు. వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు. వాళ్ళు ఫిర్యాదు కూడా చేయలేదు. భాష రానివాళ్ళ ఇళ్ళనే ఆయన ఏరుకున్నాడు, చెప్పుకోలేరని. ఆయన లెక్క తప్పు కాదు. చెప్పుకోగలిగిన ఒక్క మనిషి మాటను కూడా నేను మధ్యలో ఆపేశాను.

కోర్టులో డిఫెన్స్ లాయరు నన్ను గంటసేపు నిలబెట్టాడు. మర్యాదగానే అడిగాడు. పోలీసులకు ఒకసారి ఒక మాట, ఇంకోసారి ఇంకో మాట చెప్పిన మనిషివి కదా, ఈరోజు చెప్పేదే నిజమని జ్యూరీ ఎందుకు నమ్మాలన్నాడు. ఆంటీ అప్పటికే సాక్ష్యం చెప్పేసి వెనక వరసలో కూర్చుని ఉంది.

“నన్ను నమ్మాల్సిన పనిలేదు,” అన్నాను. “ఆ రోజు అబద్ధం చెప్పింది నేను. ఆమె కాదు. ఆమె మొదటి రోజు నుంచీ ఒకే మాట చెబుతోంది.”

నా తర్వాత బోనెక్కింది ఆ కొత్త పోలీసమ్మాయి. తను ముందుగదిలోకి వచ్చేసరికి ఆయన చొక్కాకు ఉండే బాడీ కెమెరా ఆపి ఉందని, ఎందుకని అడిగితే బ్యాటరీ అయిపోయిందన్నాడని చెప్పింది. కారులో కూర్చోగానే మళ్ళీ ఆన్ చేయడం తను చూసిందట. సీనియర్ కాబట్టి అప్పుడు నోరెత్తలేదంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. నాకు ఆ పిల్ల బాగా అర్థమైంది.

ఆ ఎర్రజుట్టు మనిషి దోషి అని తేలింది. ఉద్యోగం పోయింది, జైలు పడింది. లోకల్ పేపర్లో ఫోటో వేశారు. సంతోషించాల్సిన విషయమే. కానీ తర్వాత వచ్చిన మార్పు నేను ఊహించలేదు. మా చుట్టుపక్కల ఆడవాళ్ళు పోలీసులను పిలవడమే మానేశారు. ఒకామె ఇంట్లో దొంగలు పడితే తలుపు బాగుచేయించుకుని ఊరుకుంది. ఇంకొకరి కూతుర్ని బస్‌స్టాప్‌లో ఎవడో రోజూ వెంటపడి వేధిస్తుంటే, తండ్రి పని మానుకుని తనే తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. స్టేషన్‌కు వెళ్ళొచ్చు కదా అంటే, మన ఇంట్లో ఏముందో వాళ్ళకెందుకు చూపించాలన్నారు. ఒక్క మనిషి జేబులో వేసుకున్నది మూడు ఇళ్ళ బంగారమే. దాంతోపాటు పోయిన నమ్మకం మాత్రం వందల ఇళ్ళది.

అప్పుడు ఇల్ఫర్డ్‌లో మా భజన జరిగే హాలుకు వస్తామని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ఒకామె, ఇంకో ముగ్గురు ఆఫీసర్లు వస్తారు. భజన కమిటీ వాళ్ళు వేరే ఇంటర్‌ప్రిటర్‌ను పెట్టుకుందామనుకున్నారు. ఆంటీ అడ్డం తిరిగిందని తర్వాత తెలిసింది. ఆమె కొడుకు నాకు ఫోన్ చేసి, అమ్మ మాట్లాడుతుందట అని ఇచ్చాడు.

“శనివారం నువ్వే రా,” అంది. “నేను అడిగేటియి అడుగుత. నువ్వు జెప్పు.”

ఏడాది తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. ఊఁ అన్నాను.

హాలు నిండిపోయింది. చాలామంది దూరంగా గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కుర్చీల్లో కూర్చుంటే ఒప్పుకున్నట్టవుతుందేమో అన్నట్టు. ఇన్‌స్పెక్టర్ మాట్లాడటం మొదలుపెట్టగానే ఆంటీ చెయ్యెత్తింది. లేచి నిలబడి, ఆమె ముఖంలోకి చూస్తూ అడిగింది.

“మీ దాంట్ల దొంగ ఉన్నడని మీకు ముందు తెల్వదా? తెల్వకపోతే మీరెట్ల పోలీసులు? తెలిసి ఊకుంటే మీరూ దొంగలే గదా?”

నేను ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి ఉన్నాను. సగం మందికి ఇంగ్లీషు వచ్చు. నేనేం చెబుతానో అందరూ వింటున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చివరి మాట కూడా చెప్పాను, ఆ గొంతులోని దురుసు కూడా తగ్గించకుండా.

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. తమకు తెలిసి ఉండాల్సిందని అంది. ఆ మనిషి కెమెరా ఆపుతున్నాడని అంతకుముందే ఒకటి రెండు గుర్తులు కనబడ్డాయట. ఎవరూ పట్టించుకోలేదట. దానికి ఇప్పుడు తను జవాబు చెప్పాలంది. మమ్మల్ని నమ్మండి అని అడగడానికి తను రాలేదంది. పోలీసులు ఇంటికి వస్తే పేరు, నంబరు అడగండి, కెమెరా ఆన్‌లో ఉందో లేదో అడగండి, రాతపూర్వకంగా ఇవ్వకుండా ఏ వస్తువూ గడప దాటనివ్వకండి అంది. భాష రాకపోతే ఫోన్‌లో ఇంటర్‌ప్రిటర్‌ను పెట్టమనే హక్కు ఉందని చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే కొందరు ఫోన్లలో రాసుకున్నారు.

ఇక ప్రశ్నలు ఆగలేదు. సందేహంతో గోడ పక్కన నిలబడ్డవాళ్ళే ఎక్కువ అడిగారు. కొన్ని జవాబులు నచ్చాయి, కొన్ని నచ్చలేదు. కూతుర్ని బస్‌స్టాప్‌కు తీసుకెళ్ళే ఆ తండ్రి అందరూ వెళ్ళిపోతున్నప్పుడు ఒక ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరూ తలుపు దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాతి వారమే ఆ వేధించేవాణ్ణి పట్టుకున్నారు.

గుండ్ల పేరు దొరకలేదు. కరిగించేశారన్నారు. గాజులు మాత్రం ఆ మనిషి ఇంటి వెనక షెడ్డులో, పెయింట్ డబ్బాల మధ్య దొరికాయి. కేసు అప్పీలు గడువు కూడా దాటాక వాటిని తీసుకొచ్చి ఇచ్చింది ఆ కళ్ళజోడు ఆఫీసరే. ఆంటీ కొడుకు ఇంట్లో ఉన్నా, నన్ను కూడా రమ్మని కబురు చేసింది. ఆఫీసర్ సోఫా అంచున కూర్చున్నాడు. కాగితాల మీద సంతకాలు అయ్యాక, తమ డిపార్ట్‌మెంట్ తరఫున క్షమించమని అడుగుతున్నానన్నాడు. నేను చెప్పాను.

“నువ్వెందుకు సారీ జెప్తవు?” అంది ఆంటీ. “నీ దోస్తని ఊకోకుండ రాసినవు. నువ్వు మంచిగనే జేసినవు. చాయ్ దాగు.”

నేను చెబుతుంటే దోస్త్ అన్న మాట దగ్గర ఆయన తలదించుకున్నాడు. ఆ చాయ్‌లో అల్లం ఎక్కువైంది. దగ్గుతూనే మొత్తం తాగాడు. తొమ్మిదేళ్ళ స్నేహితుణ్ణి జైలుకు పంపిన స్టేట్‌మెంట్ రాశాక స్టేషన్‌లో కొందరు తనతో మాట్లాడటం మానేశారని, గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ నాతో అన్నాడు. ఇప్పుడు మెల్లగా మళ్ళీ మాట్లాడుతున్నారట. ఇది ఆంటీకి చెప్పమనలేదు కాబట్టి నేను చెప్పలేదు.

ఆయన వెళ్ళాక ఆంటీ గాజులు చేతికి ఎక్కించుకోవడానికి చూసింది. చేతివేళ్ళు వాచి ఎక్కలేదు. నేను వంటింట్లోంచి కొంచెం నూనె తెచ్చి ఆమె చేతికి రాసి, ఒక్కొక్కటే ఎక్కించాను. ఆమె చెయ్యి నా చేతుల్లో పెట్టి, టీవీ వైపు చూస్తూ కూర్చుంది.

అదే ఏడాది ఏజెన్సీ నన్ను తిరిగి తీసుకుంది. ముందు ఒక పరీక్ష, ఆరునెలల పర్యవేక్షణ. మొన్న ఒక రోజు హౌన్‌స్లో దగ్గరి స్టేషన్‌కు పంపించారు. అక్కడ ఒక స్టూడెంట్ అమ్మాయి, అనంతపురం వైపు నుంచి వచ్చింది. ఆరుగురు కలిసి అద్దెకుండే ఇంట్లో ఓనరు వీళ్ళ పాస్‌పోర్టులు తీసి పెట్టుకుని ఇవ్వడంలేదు. గదిలోకి వెళ్ళకముందు కారిడార్లో ఆ పిల్ల నన్ను ఆపింది.

“అక్కా, ఆ ఓనరాయప్ప మీద నేను అన్నీ చెప్తే పోలీసులు నా మీదికే తిప్పుతారేమో. మీరే కొంచెం మంచిగా సర్ది చెప్పండక్కా.”

సర్ది చెప్పనని, తను చెప్పిందే చెబుతానని అన్నాను. అది వినడానికే లోపల ఒక మనిషి కూర్చున్నాడని, ఒకవేళ ఆయన సరిగా వినకపోతే ఎవరికి చెప్పాలో కూడా నాకు తెలుసని చెప్పాను. ఆ పిల్ల నమ్మిందో లేదో తెలియదు. కానీ లోపలికి వచ్చి కూర్చుంది. కంగారులో అన్నీ ఒకేసారి చెప్పేస్తుంటే, ఆ ఆఫీసర్ పెన్ను ఆపి, తొందరేమీ లేదని, ఒక్క మాట కూడా వదలకుండా రాయాలి కాబట్టి నిదానంగా చెప్పమని అడిగాడు. ఆ అమ్మాయి ఒకసారి నా వైపు చూసి, గుక్కెడు నీళ్ళు తాగి, ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.